తల్లి వేషం: సురభి కమలాబాయి



మా టీచరమ్మగారి స్మారక ఉపన్యాసం చెప్పమని కబురు వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నా ఏడుపు. 1972లో బడి వార్షికోత్సవానికి టీచరమ్మగారు నాటకం వేయిస్తున్నారు. రాకుమారి వేషం నాకే వస్తుందని వారం రోజులు అద్దం ముందు నిలబడి మాటలు అప్పజెప్పుకున్నాను. ఆవిడ నాకు తల్లి వేషం ఇచ్చారు. జుట్టుకి పౌడరు రాసి, ముతక చీర చుట్టి, పదమూడేళ్ళ పిల్లని ముసలమ్మని చేస్తారట! ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా ఇంటికొచ్చారు. మా నాయనమ్మ అరుగు మీద చాప వేసింది. కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచి, "తల్లి వేషమంటే చిన్నతనమనుకున్నావా అమ్మాయ్? మన తెలుగు టాకీలో మొదటి హీరోయిను కట్టింది తల్లి వేషమే. సురభి కమలాబాయి. పోయినేడే పోయింది మహాతల్లి" అన్నారు.

ఆ పేరు వినడం నాకదే మొదలు. ఇన్నేళ్ళుగా ఆ పేరు వెంట తిరుగుతూనే ఉన్నాను. ఈరోజు ఆవిడ గురించే మాట్లాడతాను.

కమలాబాయి వలస మనిషి. ఆమె పుట్టుకకు ముందే ఆ ఇంట్లో వలస ఉంది. సురభి వారి పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి దక్షిణానికి దిగివచ్చిన తోలుబొమ్మలాట కుటుంబాలు. ఊరి చివర గుడారం, తెల్ల పంచె తెర, దీపం, తోలు బొమ్మలు. అదీ వాళ్ళ బతుకు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా బొమ్మలను పక్కన పెట్టి మనుషులే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడారు. ఆ పనికి ముందు నిలిచినవాడు వనారస గోవిందరావు. ఆ ఊరి పేరే వాళ్ళ ఇంటిపేరయిపోయింది. పుట్టిన ఊరంటూ లేనివాళ్ళకు నాటకం ఆడిన ఊరు ఇంటిపేరు కావడం, నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు ఆర్ద్రమవుతుంది.

వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. తెర లేస్తే మాట్లాడేది తెలుగు. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని మనవి. ఎందుకంటే, తెలుగు తల్లి ఎట్లా మాట్లాడాలో, కొడుకు మీద బెంగ ఎట్లా పడాలో, గడపలో నిలబడి ఎట్లా ఎదురుచూడాలో వెండితెర మీద మొట్టమొదట చూపించిన మనిషికి తెలుగు ఇంటి భాష కాదు. ఆమెకు గడపా లేదు. ఊరూరా వేసి విప్పే పందిరి ఉంది. మనం "మన ఇంట్లో అమ్మలాగే ఉంది" అనుకున్న ఆ అమ్మను, ఇల్లంటూ ఒకచోట లేని వాళ్ళు తయారు చేశారు. నేను ఇవాళ చెప్పదలచిన అసలు మాట ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

సురభిలో ఇంకో విశేషం. మిగతా నాటక సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళు కట్టే రోజులవి. బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామ కడితే ఆడవాళ్ళు కూడా నివ్వెరపోయి చూసేవారు. సురభిలో మాత్రం ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. ఆ కాలంలో ఆడమనిషి రంగమెక్కితే లోకం నోరు ఊరుకోదు. సురభిలో అది ఎందుకు సాగిందంటే, రంగం మీద ఉన్నది ఒక కుటుంబం. భర్త హిరణ్యకశిపుడు, భార్య లీలావతి, కొడుకు ప్రహ్లాదుడు, మరిది నారదుడు, అత్తగారు లోపల వంట చూసుకుంటూ చంటిపిల్లను ఉయ్యాల ఊపుతూ ఉంటుంది. కాపురమూ నాటకమూ ఒకే పందిరి కింద. ఎవరు ఏమనగలరు?

అట్లాంటి పందిరి కిందే 1907లో కమలాబాయి పుట్టింది. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. తల్లి నిండు గర్భంతో దమయంతి వేషం కట్టి ఆడుతుండగా నొప్పులు మొదలయ్యాయనీ, గబగబా తెర దించేశారనీ, ఆ తెర వెనకే బిడ్డ కళ్ళు తెరిచిందనీ చెప్పుకుంటారు. చూస్తున్న జనం మొదట అదీ నాటకంలో భాగమే అనుకున్నారట. ఆ ఘట్టాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అడవిలో భర్త వదిలేసి వెళ్ళిన దమయంతి. ముఖానికి అర్దళం రంగు, కళ్ళకు కాటుక, గిల్టు నగలు. తెర అవతల హార్మోనియం ఎక్కడ ఆపాలో తెలియక అదే స్వరం మీద నిలబడిపోయిన హార్మోనిస్టు. ఇవతల నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుని ఉండాలి. నెత్తిన ముళ్ళకంప పెట్టుకుని వెళ్ళే ఆడమనిషి చేలో కని, బిడ్డను చెంగున కట్టుకుని ఇంటికొచ్చిన కథలు మన పల్లెల్లో మనకు తెలుసు. పని చేసేచోటే కాన్పు. వెంకూబాయికి పని చేసేచోటు రంగస్థలం.

నడక వచ్చేసరికి బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు కట్టింది కమల. సురభి పిల్లలకు బడి వేరే ఉండదు. పద్యం, రాగం, వేషం, తెర లాగడం అన్నీ అక్కడే. మైకులు లేని కాలం. నేల టిక్కెట్టు మీద చివర వరసలో కూర్చున్న కూలిమనిషికి కూడా పద్యంలో ఆఖరి అక్షరం వినపడాలి. అట్లా సాధన చేసిన గొంతు ఆమెది.

ఇక సినిమా సంగతి. మూగ సినిమాకు భాషతో పని లేదు. మన బందరువాడు రఘుపతి వెంకయ్యగారు, ఆయన కొడుకు ప్రకాష్ కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినప్పుడు గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు మాట్లాడే పిల్ల. ఆమె నోరు విప్పి మాట్లాడనక్కర్లేదు కదా, గంగాదేవిగా చెల్లింది. 1931 మార్చి 14న అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా'తో బొమ్మకు నోరు వచ్చింది. వెంటనే ప్రశ్న పుట్టింది: తెలుగులో మాట్లాడి, పాడి, కెమెరా ముందు బెదరకుండా నిలబడే ఆడమనిషి ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజుల్లో నేపథ్యగానం లేదు. మైకు పెట్టిన చోట నిలబడి నటిస్తూనే పాడాలి. వాయిద్యకారులు కెమెరాకు కనపడకుండా ఓ పక్క కూర్చుని వాయించాలి. ఎవరు దగ్గినా, గొంతు జీరపోయినా మళ్ళీ మొదటికి. ఆ పనికి తయారుగా ఉన్న ఆడవాళ్ళు సురభి పందిట్లో ఉన్నారు.

ఆ తొలి తెలుగు టాకీకి హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకుడు. నిర్మాత ఇరానీ. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకం ఆధారం. పాటలు రాసింది ఖమ్మం వైపు జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసుగారు. నాటక బృందాన్ని బొంబాయి తీసుకుపోయి మూడు వారాలు కూడా పట్టకుండా 'భక్త ప్రహ్లాద' తీసేశారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. లీలావతి కమలాబాయి. అందులో మొద్దబ్బాయిగా చిన్న వేషం వేసింది ఎవరో తెలుసా? ఏలూరు పక్క సోమవరప్పాడు కుర్రాడు అక్కినేని లక్ష్మీవరప్రసాద్. సినిమా పిచ్చితో ఊరొదిలి బొంబాయి చేరి, తర్వాత ఎల్.వి. ప్రసాద్‌గా దేశమంతా తెలిసినవాడు. ఆ స్టూడియోలో ఆ పూట ఉన్నవాళ్ళలో ఎంతమంది ఇల్లొదిలి వచ్చినవాళ్ళో!

ఆ సినిమా 1931 సెప్టెంబరులో వచ్చిందని చాలాకాలం అనుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవగారు సెన్సారు కాగితాలు, ఆనాటి పత్రికలు వెతికి అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో మొదటిసారి విడుదలైందని తేల్చారు. అంత ఓపికగా తేదీ వెతికినవారికి నా దండం. తేదీ దొరికింది గానీ బొమ్మ దొరకలేదు. ఆ సినిమా ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. ఆ లీలావతి ఎట్లా నడిచిందో, ఎట్లా పాడిందో చూసే భాగ్యం మనకు లేదు.

అయినా లీలావతి వేషం ఎట్లాంటిదో మనకు తెలుసు. మన బలివే శివరాత్రి తిరునాళ్ళలో తెల్లవార్లూ ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. నాటకంలో కంఠం హిరణ్యకశిపుడిది. జనం లేచి కూర్చునేది నరసింహుడు స్తంభం చీల్చుకు వచ్చినప్పుడు. కానీ విషం గిన్నె ఘట్టంలో అందరూ చూసేది లీలావతి చేతుల వంక. మొగుడి మాట ఒకవైపు, కొడుకు ప్రాణం ఒకవైపు. ఆ గిన్నె పట్టుకున్న చెయ్యి వణకాలి, అందులోది ఒలకకూడదు. మన మొదటి కథానాయిక రాకుమారి కాదు, ప్రేయసి కాదు. ఆ గిన్నె పట్టుకున్న తల్లి. అప్పటికి కమలాబాయికి సుమారు పాతికేళ్ళు.

అదే ఏడాది 'పాదుకా పట్టాభిషేకం'లో సీత, 'శకుంతల'లో శకుంతల ఆమే. దుష్యంతుడు యడవల్లి సూర్యనారాయణగారు. తర్వాత బొంబాయి సాగర్ కంపెనీ పిలిచింది. సుమారు పదేళ్ళు అక్కడే ఉండి, పాతిక దాకా హిందీ చిత్రాల్లో నటించింది. ఈ పదేళ్ళ గురించి మనవాళ్ళు ఒక్క వాక్యం రాసి దాటేస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. తాతముత్తాతలు ఏ గడ్డను వదిలి దక్షిణానికి దిగారో, మనవరాలు సినిమా పుణ్యమా అని మళ్ళీ ఆ గడ్డ మీద అడుగు పెట్టింది. బొంబాయి వీధుల్లో కూరలమ్మేవాళ్ళ మరాఠీ చెవిన పడితే ఆమెకు అది అమ్మ మాటలా తోచి ఉండాలి. స్టూడియోలోకి అడుగు పెడితే హిందుస్తానీ. ఉత్తరాలు తెలుగు నేల నుంచి వచ్చి ఉండాలి. ఏది ఇల్లు? ఏది పరాయి చోటు?

ఇట్లాంటి ఆడవాళ్ళు లోకమంతటా ఉన్నారు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి, అమెరికాకు వలసపోయి, యూదుల యిడ్డిష్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న వేరా గోర్డన్ 1920లో 'హ్యూమరెస్క్' అనే మూగ చిత్రంలో పేద తల్లి వేషం వేసింది. న్యూయార్కులో స్థిరపడిన వలస కుటుంబాలు ఆమెను చూసి తమ అమ్మే అనుకుని ఉంటాయి. మాస్కో ఆర్ట్ థియేటర్ బృందంతో అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయిన మరియా ఉస్పెన్‌స్కాయా, ముసలి వేషాలకు రెండుసార్లు ఆస్కార్ పోటీలో నిలిచింది. టాకీలో పరాయిచోటి నుంచి వచ్చినవాళ్ళకు యాస అడ్డొస్తుంది. మన కమలాబాయికి ఆ ఇబ్బంది రాలేదు. పద్యనాటకం ఆమె నాలుకను అంత శుభ్రంగా తోమి పెట్టింది. ఆమెకు అడ్డొచ్చింది వయసు. తెర మీద ఆడవాళ్ళకు వయసు త్వరగా వచ్చేస్తుంది.

మద్రాసు తిరిగొచ్చేసరికి లోకం మారిపోయింది. హీరోయినుకు ఇంకొకరు పాడే రోజులొచ్చాయి. 'పాతాళభైరవి'లో మాలతికి పి. లీల పాడింది. ఒకప్పుడు మైకు ముందు తన పాట తనే పాడి తెలుగు టాకీకి గొంతు ఇచ్చిన మనిషి, ఆ సినిమాలో తోట రాముడి తల్లి కాంతమ్మ. 1951 మార్చి 15న విడుదలైంది. విజయా వారిది, కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, పింగళివారి మాటలు. తోట రాముడిగా వేసిన రామారావుగారికి అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్ళు నిండలేదు. కమలాబాయికి సుమారు నలభై నాలుగు.

ఈ సినిమాను నేను మొదటిసారి చూసింది టీచరమ్మగారి పక్కన కూర్చుని. నాటకం అయిన ఏడాదికి, నూజివీడులో మళ్ళీ ఆడుతుంటే, ఎడ్లబండిలో మా పదిమందిని తీసుకెళ్ళారు. "మాంత్రికుణ్ణి చూడొద్దు. ఈసారికి కాంతమ్మనే చూడండి" అన్నారు. యస్.వి. రంగారావుగారు తెర మీద ఉండగా ఇంకొకరిని చూడటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అయినా చూశాను. ఆమెకు ఉన్నది తోటమాలి ఇంటి బతుకు. కొడుకు రాకుమారి మీద మనసు పడ్డాడు, ఆ మాట వింటే తలలు తెగుతాయని తల్లికి తెలుసు. పూరిపాక ఉన్నట్టుండి మేడ అవుతుంది, మేడ ఉన్నట్టుండి మాయమవుతుంది. కథలో రాముడికి అవి సాహసాలు. కాంతమ్మకు అవి ఇల్లు కట్టడం, ఇల్లు కూలడం. చూసేకొద్దీ నాకు ఒకటే అనిపించింది. రాత్రికి రాత్రి పందిరి వేసి, ఆట కాగానే విప్పి బండెక్కే కుటుంబంలో పుట్టిన ఆడమనిషి కదా, మేడ పోయినప్పుడు ఆమె ముఖంలో కొత్తగా వచ్చిన దుఃఖం ఉండదు. ముందే తెలిసిన దుఃఖం ఉంటుంది. ఇది నా చూపు. కాదనేవాళ్ళు కాదనవచ్చు.

అదే ఏడాది డిసెంబరు 20న బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' వచ్చింది. అందులోనూ రామారావుగారి తల్లి ఆమే, గోవిందమ్మ. మేనరికం ఉండీ, కొడుకు పేదవాడన్న ఒక్క కారణానికి పిల్లనివ్వనంటే నోరెత్తలేని తల్లి. ఎదురుగా మల్లి తల్లి నాగమ్మగా ఋష్యేంద్రమణిగారు, ఆమె కూడా రంగస్థలం నుంచి వచ్చినావిడే. గట్టిగా మాట్లాడే వేషం ఋష్యేంద్రమణిది, ఓర్చుకునే వేషం కమలాబాయిది. భానుమతి పాటలూ, కృష్ణశాస్త్రిగారి మాటలూ తలుచుకునే మనం ఈ ఇద్దరి పేర్లు చెప్పుకోం. మన పెళ్ళి సంబంధాల్లో పసుపు కుంకాల దగ్గర నడిచే రాజకీయమంతా ఆ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఉంది. ఈసారి చూసినప్పుడు గమనించండి.

కమలాబాయి తర్వాత పెద్దావిడ వేషాలకు మనకు సూర్యకాంతంగారు వచ్చారు, నిర్మలమ్మగారు వచ్చారు. కాకినాడ వైపు నుంచి ఒకరు, బందరు నుంచి ఒకరు. వాళ్ళను మనం ఇంట్లో మనుషుల్లా చూసుకున్నాం. ఆ చోటును ముందు చదును చేసినావిడ 1971లో కన్నుమూసింది. ఆమె గురించి రాద్దామని నేను ఒక ఊళ్ళో ఒక గ్రంథాలయానికి వెళ్ళి పాత సినిమా పత్రికలు అడిగితే, గోనెసంచిలో కట్టి పెట్టిన కట్ట చూపించారు. విప్పితే అట్ట మిగిలింది, లోపలంతా చెదలు. ఆ మట్టి నా చేతులకు అంటుకుంది. ఇంటికొచ్చేదాకా కడుక్కోబుద్ధి కాలేదు.

వలస అనగానే నాకు మన తోటలు గుర్తొస్తాయి. బంగినపల్లి మామిడికి పుట్టిల్లు బనగానపల్లె, రాయలసీమ. అంటు కట్టి తెచ్చి మన ఎర్రనేలలో పెట్టారు. ఇవాళ దాన్ని నూజివీడు కాయ అని అడిగేవాళ్ళున్నారు. అంటు నిలబడాలంటే రెండు కొమ్మలకూ గాటు పెట్టాలి. రెంటికీ నొప్పే. కట్టు విప్పాక కూడా ఆ గాటు మచ్చ చెట్టు మొదలు దగ్గర కనపడుతూనే ఉంటుంది. మా నాన్న చెట్టు కొనేముందు ఆ మచ్చను వేలితో తడిమి చూసేవాడు. మచ్చ ఉంటేనే మంచి చెట్టు అనేవాడు.

టీచరమ్మగారూ ఈ ఊరి మనిషి కాదు. ఉద్యోగానికి వచ్చారు, రెండేళ్ళుండి బదిలీ చేయించుకుంటానన్నారు, ఆఖరి ఊపిరి దాకా ఇక్కడే ఉన్నారు. నాకు తల్లి వేషానికి ఆవిడ నేర్పినవి మూడు. కొడుకు వెళ్ళిపోతుంటే గుమ్మం దాటకూడదు. కళ్ళు తుడుచుకోవడానికి చెంగు వాడొచ్చు, కానీ ఒక్కసారే. ఆఖరి మాట చెప్పేటప్పుడు ముఖం జనం వైపు కాకుండా కొడుకు వైపు ఉండాలి, అయినా వెనక వరసకు వినపడాలి. మూడోది నాకు రాలేదు. ఆ రాత్రి వెనక వరసలోంచి మా నాయనమ్మ "గట్టిగా అమ్మాయ్" అని అరిచింది. అప్పుడు వచ్చింది.

ఈ సభ జరిపే కమిటీ వారికి ఒక విన్నపం. సురభి నాటక సమాజాలు ఒకప్పుడు పదులకొద్దీ ఉండేవి, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. మిగిలినవాళ్ళు ఇంకా ఆడుతున్నారు, ఘటోత్కచుణ్ణి ఇంకా గాలిలోకి లేపుతున్నారు. కోతలు అయిపోయి, తోటల్లో చేతులు ఖాళీ అయ్యాక, తొలకరికి ముందు ఒక వారం వాళ్ళను మన ఊరికి పిలుద్దాం. బడి ఆవరణలో పందిరి వేద్దాం. ఈ ఉపన్యాసానికి మీరు నాకిచ్చిన కవరు ఇక్కడే బల్ల మీద పెట్టి వెళుతున్నాను, అది మొదటి చందా. ప్రహ్లాద ఆడమని అడగండి. ఆట అయ్యాక లీలావతి వేషం వేసిన అమ్మాయికి బొట్టు పెట్టి చీర ఇచ్చే పని మాత్రం నాకు వదిలిపెట్టండి. ఆడపడుచుగా అడుగుతున్నాను.